ద్విబంధం బలమైనదే, మరి ముందుగా తెగేది అదే ఎందుకు?

రాజాం నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి మూడు సందేహాలు అడిగింది. ఒకటి: ద్విబంధం ఏక బంధం కన్నా బలమైనదని ఒక పేజీలో ఉంది, ద్విబంధం ఉన్న ఆల్కీన్లు ఏక బంధాలే ఉన్న ఆల్కేన్ల కన్నా చురుగ్గా చర్యలు జరుపుతాయని ఇంకో పేజీలో ఉంది, ఏది నమ్మాలి? రెండు: ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు ఉన్న పదార్థం సంతృప్తమా, అసంతృప్తమా? ఒక సార్ అలా అన్నారు, ఇంకో సార్ ఇలా అన్నారట. మూడు: బెంజీన్‌లో మూడు ద్విబంధాలు గీస్తాం కదా, అది బ్రోమిన్ నీళ్ల రంగు ఎందుకు పోగొట్టదు? అన్నీ బట్టీ పట్టినా పరీక్షలో తారుమారు అవుతున్నాయని, టెన్షన్‌గా ఉందని రాసింది.

అమ్మా, నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్నాను. ఈ మూడూ ఏటా ఎవరో ఒకరు అడిగేవే, మంచి ప్రశ్నలు. మూడింటికీ ఒకే చోట జవాబు ఉంది: ఆ బంధంలోని ఎలక్ట్రాన్లు ఎక్కడ ఉన్నాయి? అది కళ్ల ముందు కనపడితే బట్టీ పట్టాల్సింది చాలా తగ్గిపోతుంది. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, పక్కన కాగితం, పెన్సిల్ పెట్టుకుని చదువు.

ఆల్కేన్ల దగ్గర నీకు ఇబ్బంది లేదు కాబట్టి అవి త్వరగా చూసేద్దాం. కార్బన్‌కి నాలుగు బంధాలు కావాలి. పక్క కార్బన్‌తో ఒక్కటే బంధం పెట్టుకుని, మిగతావన్నీ హైడ్రోజన్లతో నింపేస్తే అది సంతృప్త హైడ్రోకార్బన్. గొలుసులో ప్రతి కార్బన్‌కీ రెండు హైడ్రోజన్లు, రెండు కొసల దగ్గర ఒక్కోటి అదనం. కాబట్టి కార్బన్ల సంఖ్యకు రెట్టింపు, ఆపైన రెండు. ఇదే నీ పుస్తకంలోని సాధారణ ఫార్ములా. మూడు కార్బన్ల ప్రొపేన్‌కి ఎనిమిది, నాలుగు కార్బన్ల బ్యూటేన్‌కి పది. మన వంటగ్యాస్ ముఖ్యంగా ఈ రెండే. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, బ్యూటేన్ ఇంచుమించు సున్నా దగ్గర మరుగుతాయి. అందుకే సిలిండర్‌లో ఒత్తిడి మీద ద్రవంగా ఉండి, బయటికి రాగానే వాయువు అవుతాయి. వాటికి సొంత వాసన లేదు. లీకైతే మనకు తెలియడం కోసం ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధకం ఉన్న పదార్థాన్ని చాలా కొద్దిగా కలుపుతారు, ముక్కుకు తగిలేది అది.

ఆల్కేన్లకు ఆమ్లం, క్షారం, పర్మాంగనేట్ మామూలుగా ఏమీ చెయ్యవు. మంట పెడితే మండుతాయి. వెలుతురులో క్లోరిన్‌తో కలిస్తే ఒక హైడ్రోజన్ పోయి ఆ చోటులో క్లోరిన్ వస్తుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకో: ప్రతిక్షేపణ జరిగిందంటే ఏదో ఒకటి బయటికి పోవాలి. మీథేన్, క్లోరిన్ కలిస్తే మిథైల్ క్లోరైడ్‌తో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వస్తుంది. సంకలనంలో బయటికి పోయేది ఏమీ ఉండదు, వచ్చినదంతా అణువులోనే చేరిపోతుంది. పరీక్షలో సమీకరణం చూసి అది ఏ చర్యో చెప్పమంటే బాణం గుర్తుకి కుడి పక్కన చూస్తే సగం పని అయిపోతుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. రెండు కార్బన్ల మధ్య ఏక బంధం తెంచాలంటే మోల్‌కి సుమారు 348 కిలోజౌళ్ల శక్తి కావాలి. ద్విబంధాన్ని పూర్తిగా తెంచాలంటే సుమారు 614. ఇవి సగటు విలువలు, పుస్తకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. బంధం పొడవు కూడా 154 పికోమీటర్ల నుంచి 134కి తగ్గింది. కాబట్టి ద్విబంధం బలమైనదన్న మాట నిజమే. కానీ 348ని రెట్టింపు చేసి చూడు, 696 వస్తుంది. మన 614 అక్కడిదాకా రాలేదు. మొదటి బంధానికి 348 పోతే రెండో బంధం వాటాకి మిగిలింది 266 మాత్రమే. రెండు బంధాలు ఉన్నాయి గానీ రెండూ సమానం కావు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. సంకలన చర్యలో ద్విబంధం పూర్తిగా తెగదు. రెండు కార్బన్ల ఆల్కీన్ అయిన ఇథిలీన్‌కి బ్రోమిన్ చేరాక వచ్చిన అణువును గీసి చూడు: ఆ రెండు కార్బన్లు ఇంకా ఒకదాన్ని ఒకటి పట్టుకునే ఉన్నాయి. తెగింది ఆ 266 బంధం ఒక్కటే, 348 బంధాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 'ద్విబంధం బలం 614' అన్నది రెండు కార్బన్లనూ పూర్తిగా విడదీయడానికి అయ్యే ఖర్చు. 'ఆల్కీన్ చురుకు' అన్నది అందులోని బలహీనమైన భాగం గురించి. నీ పుస్తకంలోని రెండు పేజీలూ రెండు వేర్వేరు విషయాలు చెప్తున్నాయి, రెండూ సరైనవే.

ఆ రెండోది ఎందుకు బలహీనం? రెండు కార్బన్ న్యూక్లియస్‌ల మధ్య ఒక గీత గీయి. మొదటిదైన సిగ్మా బంధంలో ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి, వాటి ఎలక్ట్రాన్లు సరిగ్గా ఆ గీత చుట్టూ ఉంటాయి. రెండు న్యూక్లియస్‌లూ రెండు పక్కల నుంచి వాటిని గట్టిగా ఆకర్షిస్తుంటాయి. రెండోదైన పై-బంధంలో (ఈ 'పై' గ్రీకు అక్షరం π) ప్రతి కార్బన్ మీదా నిలువుగా ఉన్న పి-ఆర్బిటాళ్లు పక్కపక్కన ఆనుకుని కలుస్తాయి. ఆ ఎలక్ట్రాన్లు అణువు తలానికి ఎగువనా దిగువనా పరుచుకుని ఉంటాయి, గీత మీద మాత్రం ఉండవు. అందువల్ల రెండు జరుగుతాయి. కలయిక తక్కువ కాబట్టి బంధం బలహీనం. బయటికి పరుచుకుని ఉన్నాయి కాబట్టి ఎలక్ట్రాన్ల కోసం వచ్చే బ్రోమిన్‌కి, హైడ్రోజన్ బ్రోమైడ్‌కి ముందుగా అందేది అవే. నాలుగు మార్కుల జవాబులో ఈ రెండు కారణాలూ రాయాలి. చాలామంది 'పై-బంధం బలహీనం' అని ఒక్క వాక్యం రాసి ఆపేస్తారు. బయటికి అందుబాటులో ఉండటం కూడా అంతే ముఖ్యం.

బ్రోమిన్ పరీక్షను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ల్యాబ్‌లో పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. రెండు పరీక్ష నాళికల్లో నారింజ రంగు బ్రోమిన్ నీళ్లు తీసుకుని, ఒకదానిలో హెక్సేన్ (ఆల్కేన్), ఇంకోదానిలో సైక్లోహెక్సీన్ (ద్విబంధం ఉన్నది) కొద్దిగా పోసి కుదిపారనుకో. సైక్లోహెక్సీన్ ఉన్నదాంట్లో రెండు పొరల్లోనూ రంగు పోతుంది. హెక్సేన్ ఉన్నదాంట్లో కింద ఉన్న నీళ్ల పొర పలచబడుతుంది! అది చూసి 'రంగు పోయింది సార్' అంటారు. పై పొర చూడమంటాను. ఆ నారింజ రంగంతా అక్కడికి చేరి ఉంటుంది. బ్రోమిన్ నీటిలో కన్నా హెక్సేన్‌లో బాగా కరుగుతుంది, హెక్సేన్ తేలిక కాబట్టి పైన తేలుతుంది. రంగు చోటు మారింది అంతే, చర్య జరగలేదు. కాబట్టి ఫలితం రాసే ముందు రెండు పొరలూ చూడాలి.

ఇంకో జాగ్రత్త. ఈ పరీక్ష కిటికీ పక్కన ఎండలో చెయ్యకూడదు. ఎండ తగిలితే హెక్సేన్ కూడా మెల్లగా బ్రోమిన్‌తో ప్రతిక్షేపణ జరిపి రంగు పోగొడుతుంది. అప్పుడు రంగు పోవడంతో పాటు హైడ్రోజన్ బ్రోమైడ్ కూడా పుడుతుంది. ఆల్కీన్‌తో సంకలనంలో అలా ఆమ్ల వాయువు రాదు. ఇందాక చెప్పిన 'బయటికి పోయేది ఏమైనా ఉందా' అన్న ప్రశ్నే ఇక్కడ కూడా పనికొచ్చింది. బ్రోమిన్ చర్మాన్ని, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, లెక్చరర్ లేకుండా ఆ సీసా మూత తీయొద్దు.

చల్లని, పలచని క్షార పర్మాంగనేట్‌తో చేసేది బేయర్ పరీక్ష. ఊదా రంగు పోయి గోధుమ రంగు మాంగనీస్ డై ఆక్సైడ్ మడ్డి కడుతుంది. అయితే ఆల్డిహైడ్‌లు, ఇంకా సులువుగా ఆక్సీకరణం చెందే పదార్థాలు చాలా ఈ రంగును పోగొడతాయి. కాబట్టి రంగు పోయినంత మాత్రాన ద్విబంధం ఉందని తీర్మానించకూడదు. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్తే నమ్మొచ్చు.

సంకలన చర్యల్లో వేడి ఎందుకు పుడుతుందో ఇప్పుడు నువ్వే లెక్క కట్టగలవు. ఇథిలీన్‌కి హైడ్రోజన్ చేరేటప్పుడు పై-బంధానికి 266, హైడ్రోజన్ అణువులోని బంధానికి 436, మొత్తం 702 ఖర్చు. కొత్తగా వచ్చేవి రెండు కార్బన్-హైడ్రోజన్ బంధాలు, ఒక్కోటి 413 చొప్పున 826. తేడా 124 కిలోజౌళ్లు వేడిగా బయటికి వస్తుంది. ప్రయోగంలో కొలిస్తే 137 వస్తుంది. సగటు విలువలతో చేసిన లెక్క ఇంత దగ్గరికి రావడమే గొప్ప. బలహీనమైన పై-బంధం పోయి గట్టి సిగ్మా బంధాలు వస్తున్నాయి, ఆ మిగులే ఈ వేడి.

ఇది కాగితం మీది లెక్కే అనుకోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైన ప్రమాదం నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ట్యాంకులో నిల్వ ఉన్నది స్టైరీన్. బెంజీన్ వలయానికి రెండు కార్బన్ల చిన్న తోక, ఆ తోకలో ఒక ద్విబంధం. ఒక అణువులోని పై-బంధం విచ్చుకుని పక్క అణువుతో సిగ్మా బంధం కడుతుంది, అది ఇంకోదానితో, అలా గొలుసు పెరుగుతుంది. ఒక్కో మోల్ చేరినప్పుడు సుమారు 70 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి తీయకపోతే చర్య ఇంకా వేగం అందుకుంటుంది, దాంతో ఇంకా వేడి. అందుకే స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, గొలుసు మొదలవకుండా ఆపే పదార్థాన్ని సరిపడా కలిపి ఉంచాలి. ఆ రోజు ట్యాంకులో పాలిమరీకరణం అదుపు తప్పి, వేడికి స్టైరీన్ ఆవిరై ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. నీ పుస్తకంలో 'ఆల్కీన్లు పాలిమరీకరణం చెందుతాయి' అని ఒక లైనులో ఉన్న మాట వెనుక ఇంత ఉంది. కెమిస్ట్రీ చదివిన పిల్లల్లో కొందరు రేపు మన పైడిభీమవరం ఫ్యాక్టరీల్లోనో, పరవాడలోనో షిఫ్టుకి వెళ్తారు. నిల్వ ట్యాంకు ఉష్ణోగ్రత పట్టిక నింపేటప్పుడు ఆ అంకె ఎందుకు రాస్తున్నామో తెలిసి రాయాలని నా కోరిక.

ఇదే చర్య అదుపులో జరిపితే ఇథిలీన్ నుంచి పాలిథీన్ వస్తుంది. అందులో ఇక పై-బంధాలు మిగలవు, అది పొడవాటి ఆల్కేన్ గొలుసే. కళింగపట్నం ఇసుకలో పూడుకుపోయిన కవరు ఏళ్ల తరబడి అలాగే ఉండటానికి ముఖ్య కారణం ఇది. మొదట్లో చెప్పిన ఆల్కేన్ల మొండితనమే అందులోనూ ఉంది.

ఇక రెండో ప్రశ్న. ఏ హైడ్రోకార్బన్ ఇచ్చినా ముందు పూర్తి లెక్క వెయ్యి: కార్బన్లకు రెట్టింపు, ఆపైన రెండు. ఆరు కార్బన్లకు పద్నాలుగు రావాలి. ఉన్నవి పన్నెండు. రెండు తక్కువ, దాన్ని సగం చేస్తే ఒకటి. ఆ ఒకటి ద్విబంధమైనా కావచ్చు, వలయమైనా కావచ్చు. గొలుసు కొసలు రెండూ కలిపి వలయం చేస్తే ఆ కొసల దగ్గర ఉన్న రెండు హైడ్రోజన్లకు చోటు పోతుంది కదా. కాబట్టి హెక్సీన్ అయితే అసంతృప్తం, సైక్లోహెక్సేన్ అయితే సంతృప్తం, ఫార్ములా రెండింటికీ ఒకటే. నీ ఇద్దరు సార్లూ చెరో అణువును మనసులో పెట్టుకుని చెప్పారు. ఫార్ములా ఒక్కటే చూసి తేల్చలేం, పరీక్ష చెయ్యాలి లేదా నిర్మాణం ఇవ్వాలి. హైడ్రోజన్లు పూర్తి లెక్కకు సరిపోతే మాత్రం అది సంతృప్తమేనని కళ్లు మూసుకుని రాయొచ్చు.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ పెయింట్ల షాపులో ఒకటి, పూజ గదిలో ఒకటి ఉన్నాయి. టర్పెంటైన్‌లో ముఖ్య భాగం ఆల్ఫా-పైనీన్, పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు. పూర్తి లెక్క 22, తక్కువైనవి ఆరు, సగం మూడు. అందులో వలయాలు రెండు, ద్విబంధం ఒకటి. హారతి కర్పూరంలో కూడా పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లే, అదనంగా ఒక ఆక్సిజన్. ఆక్సిజన్‌ని ఈ లెక్కలో పట్టించుకోనక్కర్లేదు, కాబట్టి ఇక్కడా మూడే. కానీ ఇందులో రెండు వలయాలు, ఒక కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం. రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఒక్కటీ లేదు. అంకె ఒకటే అయినా టర్పెంటైన్ బ్రోమిన్‌ని వెంటనే కలుపుకుంటుంది, కర్పూరం అలా కలుపుకోదు. విశేషం ఏమిటంటే కృత్రిమ కర్పూరాన్ని ఈ పైనీన్ నుంచే తయారు చేస్తారు.

కర్పూరం మాట వచ్చింది కాబట్టి మసి సంగతి కూడా. 'మసితో కూడిన మంట వస్తే అసంతృప్తం' అని పదో తరగతిలో రాసి ఉంటావు. హారతి పళ్లెం మీద ఎంత నల్లగా మసి పడుతుందో చూశావుగా, కానీ కర్పూరంలో కార్బన్-కార్బన్ ద్విబంధం లేదు. మసి చెప్పేది హైడ్రోజన్‌తో పోలిస్తే కార్బన్ ఎంత ఎక్కువ ఉందో, గాలి ఎంత అందిందో. అసంతృప్త పదార్థాల్లో హైడ్రోజన్ వాటా తక్కువ కాబట్టి మామూలుగా మసి ఎక్కువ. ఇది ఒక సూచన, అంతవరకే తీసుకో.

త్రిబంధం గురించి నువ్వు అడగలేదు, కానీ మామిడి కాలంలో దాని వాసన మన మార్కెట్లలోనే తగులుతుంది. సువర్ణరేఖ కాయలు పచ్చిగా కోసి, కాల్షియం కార్బైడ్ పొట్లాలు పెట్టి మగ్గబెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, సున్నం మిగులుతుంది. కాయ తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేది ఇథిలీన్. ఎసిటిలీన్ కొంతవరకు దానిలాగే పనిచేసి తొక్కకు పసుపు రంగు తెప్పిస్తుంది, లోపల కాయ పండకపోయినా సరే. మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి, వాటి నుంచి విష వాయువులు వస్తాయి. గ్యాస్ వెల్డింగ్ షాపు దగ్గర తగిలే వెల్లుల్లి లాంటి కంపు ఆ మలినాలదే, శుద్ధమైన ఎసిటిలీన్‌కి అంత వాసన లేదు. పండ్లు మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకాన్ని మన ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి, ఇథిలీన్ వాయువును మాత్రం గదిలో పదిలక్షల భాగాలకు 100 భాగాల వరకు అనుమతించాయి. ద్విబంధం ఉన్నదానికి అనుమతి, త్రిబంధం ఉన్నదానికి నిషేధం అని గుర్తు పెట్టుకోకు. గొడవ కార్బైడ్‌తో వచ్చే మలినాలది, దాన్ని పట్టుకుని వాడేవాళ్లకూ తినేవాళ్లకూ జరిగే హానిది.

త్రిబంధంలో ఒక సిగ్మా, రెండు పై-బంధాలు. పొడవు 120 పికోమీటర్లు, తెంచడానికి సుమారు 839 కిలోజౌళ్లు. రెండు పై-బంధాలు ఉన్నాయి కదా, బ్రోమిన్‌తో ఆల్కీన్ కన్నా రెట్టింపు వేగంగా చర్య జరగాలి అనిపిస్తుంది. నిజానికి ఆల్కైన్లు ఇంకాస్త నెమ్మది. త్రిబంధంలో ఉండే, ఎస్పీ సంకరకరణం (ఒక ఎస్, ఒక పి ఆర్బిటాల్ కలిసిపోవడం) ఉన్న కార్బన్ ఎలక్ట్రాన్లను తన వైపు ఎక్కువగా లాగి పట్టుకుంటుంది కాబట్టి అవి బయటివాళ్లకు అంత సులువుగా అందవు. చూశావా, ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడ ఎంత గట్టిగా ఉన్నాయన్నదే లెక్క.

నూనెల మాట కూడా చెప్పి బెంజీన్ దగ్గరికి వెళ్తాను. నూనెలు హైడ్రోకార్బన్లు కావు, కానీ వాటి కొవ్వు ఆమ్లాలకు పొడవాటి హైడ్రోకార్బన్ తోకలు ఉంటాయి. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే చూస్తే ఉద్దానం కొబ్బరినూనె సీసాలో గడ్డ కట్టి ఉంటుంది, పక్కనే నువ్వుల నూనె ధారగా కారుతుంది. కొబ్బరినూనెలో తొంభై శాతం దాకా సంతృప్తమైనవే, నువ్వుల నూనెలో ఎనభై శాతం పైన అసంతృప్తమైనవి. సంతృప్తమైన తోక నిటారుగా ఉంటుంది. ప్రకృతిలో దొరికే నూనెల్లో ద్విబంధం దాదాపు ఎప్పుడూ సిస్ రూపంలో (తోక రెండు భాగాలూ ద్విబంధానికి ఒకే పక్కన) ఉంటుంది, అక్కడ తోక వంగుతుంది. నిటారైన సరుగుడు కర్రలు ఎంత బిగువుగానైనా కట్ట కట్టొచ్చు, వంకర కొమ్మలు కట్టబోతే మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి. అణువులదీ అదే పరిస్థితి. పద్దెనిమిది కార్బన్లు ఉన్న స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మధ్యలో ఒక్క సిస్ ద్విబంధం ఉన్న ఓలియిక్ ఆమ్లం 13 దగ్గరే కరుగుతుంది. అదే ద్విబంధం ట్రాన్స్ (రెండు భాగాలూ చెరో పక్కన) అయితే తోక మళ్లీ ఇంచుమించు నిటారు, 45 దగ్గర కరుగుతుంది. మరి సంతృప్తమైన కొబ్బరినూనె 24 డిగ్రీలకే ఎందుకు కరుగుతుందంటావా? దాని తోకలు చిన్నవి, ఎక్కువ భాగం పన్నెండు కార్బన్ల లారిక్ ఆమ్లం. సంతృప్తతతో పాటు పొడవు కూడా చూడాలి.

సిస్, ట్రాన్స్ వేర్వేరు పదార్థాలుగా ఎందుకు నిలబడతాయి అన్నదానికీ జవాబు పై-బంధమే. ఏక బంధం చుట్టూ అణువు తేలిగ్గా తిరుగుతుంది. ద్విబంధం చుట్టూ తిప్పాలంటే పక్కపక్కన ఆనుకుని ఉన్న పి-ఆర్బిటాళ్లు విడిపోవాలి, అంటే ఆ 266 చెల్లించాలి. మామూలు ఉష్ణోగ్రత దగ్గర అంత శక్తి ఎక్కడిది? వనస్పతి చేసేటప్పుడు నికెల్ ఉత్ప్రేరకం మీద నూనెకు హైడ్రోజన్ కలుపుతారు. నికెల్ మీద పై-బంధం విచ్చుకున్నాక హైడ్రోజన్ పూర్తిగా చేరకుండానే కొన్ని మళ్లీ మూసుకుంటాయి, అలా మూసుకునేటప్పుడు కొన్ని ట్రాన్స్‌గా మారతాయి. గుండెకు చెడు అని చెప్పే ట్రాన్స్ కొవ్వులు ఇలా వచ్చినవే. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వీటిని 2 శాతానికి మించనివ్వకూడదు.

బెంజీన్. ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు. పూర్తి లెక్కకు ఎనిమిది తక్కువ, సగం నాలుగు: ఒక వలయం, మూడు ద్విబంధాలు. 1825లో ఫారడే దీన్ని వేరు చేశాడు, 1865లో కెకులే వలయ నిర్మాణం ప్రతిపాదించాడు. కెకులే బొమ్మలో ఒక ఏక బంధం, ఒక ద్విబంధం మార్చి మార్చి ఉంటాయి. అది నిజమైతే పొడవులు 154, 134 అని రెండు రకాలు ఉండాలి. కొలిస్తే ఆరూ ఒకటే, సుమారు 139. అంటే మనం గీసే మూడు ద్విబంధాలు ఆ చోట్లలో కట్టిపడేసి లేవు. ఆరు పి-ఆర్బిటాళ్లూ చుట్టూ ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఆరు ఎలక్ట్రాన్లూ వలయం అంతటా పరుచుకున్నాయి.

దాని వల్ల ఎంత లాభమో కొలవొచ్చు. ఒక్క ద్విబంధం ఉన్న సైక్లోహెక్సీన్‌కి హైడ్రోజన్ చేరిస్తే సుమారు 120 కిలోజౌళ్లు వస్తాయి. మూడు ఉంటే 360 రావాలి. బెంజీన్‌కి చేరిస్తే వచ్చేది 208 మాత్రమే. మిగతా 150 దాకా ఎక్కడికి పోయింది? బెంజీన్ మొదటే అంత దిగువ శక్తిలో, అంత స్థిరంగా ఉంది. ఇప్పుడు బ్రోమిన్ వైపు నుంచి ఆలోచించు. సంకలనం జరిగితే ఆ చుట్టూ పరుచుకున్న అమరిక చెదిరిపోతుంది, ఆ లాభంలో చాలా భాగం పోతుంది. అందుకే బ్రోమిన్ నీళ్ల రంగు అలాగే ఉంటుంది. ఫెర్రిక్ బ్రోమైడ్ ఉత్ప్రేరకం పెట్టి బలవంతం చేస్తే చర్య జరుగుతుంది, కానీ ఒక హైడ్రోజన్‌ని వదిలేసి వలయాన్ని కాపాడుకుంటుంది. హైడ్రోజన్ బ్రోమైడ్ బయటికి వస్తుంది, కాబట్టి అది ప్రతిక్షేపణ. ఫార్ములా ప్రకారం బాగా అసంతృప్తమైనది, ప్రవర్తన మాత్రం వేరు, అందుకే దానికి ఆరోమాటిక్ అని విడిగా ఒక తరగతి. ఇందాకటి స్టైరీన్‌లో కూడా గొలుసు కట్టింది తోకలోని ద్విబంధమే. ఆ స్టైరీన్ గొలుసులతో చేసిన థర్మోకోల్ ముక్క తీసుకుంటే అందులో బెంజీన్ వలయాలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి.

మార్కోవ్నికోవ్ నియమం, పెరాక్సైడ్ ప్రభావం ఇప్పుడు ముట్టుకోకు. పైన చెప్పినవి గట్టిపడ్డాక ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి.

ఈ ఆదివారం ఒక్క పని చెయ్యి. ఐదు కార్బన్లు, పది హైడ్రోజన్లు ఉన్న నిర్మాణ సదృశకాలన్నీ (ఫార్ములా ఒకటే, కార్బన్ల అమరిక వేరు) గీయి. పుస్తకం చూడకుండా, ముందు పొడవాటి గొలుసుతో మొదలుపెట్టి ద్విబంధాన్ని జరుపుతూ, తర్వాత కొమ్మలు పెడుతూ, ఆఖరున వలయాలు గీయాలి. ఐదు ఆల్కీన్లు, ఐదు వలయాలు, మొత్తం పది రావాలి. ఆ పదిలో సిస్, ట్రాన్స్ రూపాలు ఉండేవి రెండే: ఆల్కీన్లలో ఒకటి, వలయాల్లో ఒకటి. వలయంలో ద్విబంధం లేకపోయినా సిస్, ట్రాన్స్ ఎందుకు వచ్చాయో పక్కన ఒక వాక్యం రాయి. తక్కువ వస్తే గీసిన కాగితం ఫొటో తీసి పెట్టమ్మా, ఏది వదిలేశావో చూసి చెప్తాను.